కౌన్సిల్ ఇళ్ల అద్దె వసూలు ఉద్యోగంలో చేరారా? ఫోన్ ఎత్తే ముందు అకౌంట్ చదవడం నేర్చుకోండి

ఇంగ్లండ్‌లో ఏదో ఒక కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థ, సొంత ఇళ్లు కట్టి అద్దెకిస్తుంది) హౌసింగ్ విభాగంలో ఇన్‌కమ్ ఆఫీసర్‌గానో ఫైనాన్స్ అసిస్టెంట్‌గానో ఉద్యోగం వచ్చిందనుకుందాం. ఏసీసీఏ చదివినవాళ్లు, ఐటీ నుంచి ఇటు మళ్లినవాళ్లు, పిల్లలు కాస్త పెద్దయ్యాక మళ్లీ పనిలోకి దిగిన అమ్మలు, మనవాళ్లు ఇలాంటి ఉద్యోగాల్లో బాగానే కనిపిస్తున్నారు. చిక్కల్లా ఏమిటంటే, మనలో చాలామంది కౌన్సిల్ ఇంటి గడప తొక్కి ఉండరు. వీసా మీద ఉన్నంతకాలం 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదనే షరతు ఉంటుంది, కౌన్సిల్ ఇల్లు కేటాయించడం కూడా ఆ పబ్లిక్ ఫండ్స్ కిందికే వస్తుంది కాబట్టి మనం ఆ పక్కకు పోయే అవసరమే రాదు. అందుకని మొదటి వారం స్క్రీన్ మీద వరసగా ఎర్రంకెలు కనబడేసరికి, 'ఇంతమంది అద్దె కట్టరా!' అని గుండె గుభేలుమంటుంది. కంగారు పడకండి. అందులో చాలా అంకెలు మనుషుల వల్ల వచ్చినవి కావు, క్యాలెండర్ వల్ల వచ్చినవి. ఏది ఎక్కడి నుంచి వచ్చిందో విడదీయడం తెలిస్తే మీ పని మూడు వంతులు అయిపోయినట్టే.

ఇక్కడ రాసేదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లాండ్, వేల్స్‌లో చట్టాలు వేరు, అక్కడివాళ్లు ఇది పట్టుకుని కోర్టుకు వెళ్లకండి.

1. డబ్బు ఏ ఖాతాలో తిరుగుతోందో ముందు తెలుసుకోండి

అద్దెగా వచ్చే ప్రతి పౌండూ హౌసింగ్ రెవెన్యూ అకౌంట్‌లోకి వెళ్తుంది. ఆఫీసులో అందరూ హెచ్‌ఆర్‌ఏ అంటారు. 1989 నాటి లోకల్ గవర్నమెంట్ అండ్ హౌసింగ్ యాక్ట్ దీనికి చుట్టూ కంచె కట్టింది. గుడి హుండీ డబ్బుతో ఊరికి రోడ్డు వేయకూడదన్నట్టే, అద్దె డబ్బుతో లైబ్రరీ నడపకూడదు, పార్కు గడ్డి కోయించకూడదు. అటు కౌన్సిల్ ట్యాక్స్ డబ్బు తెచ్చి ఇళ్ల ఖర్చులో పోయడమూ కుదరదు. ఇంకో నియమం, ఏడాది చివర ఈ ఖాతా మైనస్‌లోకి పోయేలా బడ్జెట్ వేయకూడదు. ఈ కంచె దాటితే ఏమవుతుందో తెలియాలంటే నాటింగ్‌హామ్ కథ వెతికి చదవండి. హెచ్‌ఆర్‌ఏకి చెందాల్సిన ఒకటిన్నర కోట్ల పౌండ్ల పైచిలుకు డబ్బు కొన్నేళ్లుగా జనరల్ ఫండ్‌లో (కౌన్సిల్ మిగతా పనులన్నిటికీ వాడే ఖాతా) వాడేసినట్టు తేలి, 2021 డిసెంబర్‌లో అక్కడి ఫైనాన్స్ అధికారి సెక్షన్ 114 రిపోర్టు (ఖర్చు చట్టవిరుద్ధంగా జరిగిందని కౌన్సిల్‌కు ఇచ్చే అధికారిక హెచ్చరిక) ఇవ్వాల్సి వచ్చింది. ఎవరూ జేబులో వేసుకున్న డబ్బు కాదది. ఈ ఖాతాలోంచి ఆ ఖాతాలోకి జరిగిన బదిలీ, అంతే.

2012 ఏప్రిల్‌కు ముందు దేశంలోని కౌన్సిళ్ల అద్దెలన్నీ ఒక సబ్సిడీ లెక్కలో కలిసిపోయేవి, కొందరు లండన్‌కు పంపేవాళ్లు, కొందరు తెచ్చుకునేవాళ్లు. లోకలిజం యాక్ట్ వచ్చాక ఒకేసారి అప్పు సర్దుబాటు చేసి, 'ఇక మీ అద్దె మీదే, మీ అప్పూ మీదే' అని వదిలేశారు. 2018 అక్టోబర్‌లో అప్పు మీద ఉన్న పరిమితి కూడా తీసేశారు. కాబట్టి ఇప్పుడు వసూలు కాని అద్దెను పూడ్చడానికి పైనుంచి ఎవరూ రారు. మరమ్మతులు, పాత అప్పు మీద వడ్డీ, కొత్త కిచెన్లు, మీ జీతం, అన్నీ అందులోంచే.

మీరు చేయాల్సింది: మీ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఫిబ్రవరి నాటి క్యాబినెట్ రిపోర్టు వెతికి హెచ్‌ఆర్‌ఏ బడ్జెట్ పేజీ ప్రింట్ తీసుకోండి. అద్దె రాబడి, ఖాళీ ఇళ్ల నష్టం, రాని బాకీల ప్రొవిజన్ (వసూలు కావనుకుని ముందే పక్కన పెట్టే మొత్తం), మరమ్మతులు, ఈ నాలుగు వరసలూ హైలైటర్‌తో గీయండి. ఇంకో చిన్న లెక్క కూడా వేసుకోండి. పదివేల ఇళ్లు, వారానికి సగటున 120 పౌండ్లు అనుకుంటే ఏడాదికి 6 కోట్ల 24 లక్షల పౌండ్లు. వసూలు ఒక్క శాతం తగ్గితే 6 లక్షల 24 వేలు పోయినట్టు. మీటింగుల్లో 'వన్ పర్సెంటే కదా' అనేవాళ్లుంటారు, వాళ్లకు ఈ అంకె చూపించండి.

2. అద్దె ఎవరు, ఎప్పుడు, ఎంత పెంచుతారు

కౌన్సిల్‌కు తోచినంత పెంచుకునే వీలు లేదు. 2020 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్లు కూడా సోషల్ హౌసింగ్ నియంత్రణ సంస్థ పెట్టే అద్దె నియమాల (రెంట్ స్టాండర్డ్) కిందికి వచ్చాయి. మామూలు సూత్రం, అంతకుముందు సెప్టెంబర్‌లో ఉన్న సీపీఐ ద్రవ్యోల్బణం, దాని మీద ఒక శాతం. 2022 సెప్టెంబర్‌లో సీపీఐ 10.1 శాతానికి ఎగబాకినప్పుడు మాత్రం, జనం నెత్తిన 11.1 శాతం పడకుండా 2023-24 ఏడాదికి 7 శాతం దగ్గర ఆపేశారు. 2016 నుంచి నాలుగేళ్లయితే ఏటా ఒక శాతం తగ్గించమన్నారు, ఆ దెబ్బ నుంచి చాలా కౌన్సిళ్ల ముప్పై ఏళ్ల ప్లాన్లు ఇంకా తేరుకోలేదని పాతవాళ్లు మీకు చెప్తూనే ఉంటారు. చెప్పనివ్వండి, నిజమే.

ఏడాది ఇలా సాగుతుంది. అక్టోబర్‌లో సెప్టెంబర్ సీపీఐ అంకె బయటికొస్తుంది, డిసెంబర్, జనవరిలో ఫైనాన్స్‌వాళ్లు లెక్కలు కడతారు, ఫిబ్రవరికల్లా కౌన్సిలర్లు ఆమోదిస్తారు, ఏప్రిల్ మొదటి సోమవారం కొత్త అద్దె అమల్లోకి వస్తుంది. ఈ మధ్యలో మీ మెడకు చుట్టుకునేది నోటీసు. సెక్యూర్ టెనెన్సీ (కోర్టు ఆర్డర్ లేకుండా ఖాళీ చేయించలేని కౌన్సిల్ అద్దె ఒప్పందం) ఉన్నవాళ్లకు కనీసం నాలుగు వారాల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. ప్రింటింగ్ కంపెనీ ఆలస్యం చేసినా, పోస్ట్ ఆలస్యమైనా తప్పు మన ఖాతాలోనే, అందుకే ఉత్తరాలు ఫిబ్రవరి ఆఖరుకల్లా బయటికి పోవాలి. పంపే ముందు ఓ పాతిక ఉత్తరాలు చేత్తో సరిచూడండి. బెడ్‌రూమ్‌ల సంఖ్య సరిగ్గా ఉందా, సోషల్ రెంటా అఫర్డబుల్ రెంటా, సర్వీస్ చార్జీ (మెట్ల శుభ్రం, లిఫ్ట్ లాంటి ఉమ్మడి సేవలకు వేసేది) రెండుసార్లు పడిందా. అఫర్డబుల్ రెంట్ అంటే సర్వీస్ చార్జీ కూడా కలుపుకుని మార్కెట్ అద్దెలో 80 శాతం దాటకూడదు, సోషల్ రెంట్‌కు సర్వీస్ చార్జీ విడిగా వేస్తారు. ఈ రెండూ కలగాపులగం చేస్తే ఏళ్ల తరబడి ఎక్కువ వసూలు చేసి, తర్వాత తిరిగిచ్చుకోవాల్సి వస్తుంది.

అద్దెతో పాటు వసూలు చేసే నీటి బిల్లు లాంటివి ఉంటే ఇంకా జాగ్రత్త. లండన్‌లోని సదర్క్ కౌన్సిల్ థేమ్స్ వాటర్ తరఫున నీటి చార్జీలు వసూలు చేస్తూ వచ్చింది. కౌన్సిల్ ఏజెంట్ కాదు, నీళ్లు తిరిగి అమ్ముతోంది, కాబట్టి టెనెంట్ల దగ్గర రూలు కంటే ఎక్కువ తీసుకుందని 2016లో హైకోర్టు తేల్చింది. ఆ తర్వాత వేరే కౌన్సిళ్లు కూడా తమ పాత ఒప్పందాలు దుమ్ము దులిపి చదువుకోవాల్సి వచ్చింది.

కౌన్సిలర్లు పెంపు వద్దంటే? ఒకప్పుడు అన్నారు. 1972 హౌసింగ్ ఫైనాన్స్ యాక్ట్ ప్రకారం అద్దె పెంచం అని డెర్బీషైర్‌లోని క్లే క్రాస్ అనే చిన్న ఊళ్లో 11 మంది లేబర్ కౌన్సిలర్లు మొండికేశారు. చివరికి వాళ్ల సొంత డబ్బు కట్టమని సర్‌చార్జి వేశారు, పదవులూ పోయాయి. ఇది మీ పనికి నేరుగా అక్కరకు రాదు కానీ, బడ్జెట్ మీటింగులో పాత యూనియన్ పెద్దాయన ఎవరైనా 'క్లే క్రాస్' అన్నప్పుడు బిత్తరపోకుండా ఉంటారు.

3. అకౌంట్ చదవడం (దీనికే ఎక్కువ టైమ్ పెట్టండి)

ఒక అకౌంట్ తీసుకుందాం. అద్దె వారానికి 120 పౌండ్లు, ప్రతి సోమవారం ముందుగానే పడుతుంది. టెనెంట్ ఒకావిడ 2025 జూన్ 2, సోమవారం ఇంట్లో చేరింది, అదే రోజు యూనివర్సల్ క్రెడిట్‌కు (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సాయం, అద్దె భాగం కూడా అందులోనే) అప్లై చేసింది. ఒక్క పూట కూడా ఆలస్యం చేయలేదు, వచ్చిన హౌసింగ్ డబ్బు వచ్చినట్టే మనకు కట్టేస్తుంది. ఇంతకన్నా మంచి టెనెంట్ దొరకదు. ఇప్పుడు స్క్రీన్ మీద ఏం కనిపిస్తుందో చూడండి.

యూనివర్సల్ క్రెడిట్ నెల లెక్క జూన్ 2 నుంచి జులై 1 వరకు, డబ్బు పడేది ఇంకో వారానికి, అంటే జులై 8న. ఈలోపు జూన్‌లో ఐదు సోమవారాలు, జులై 7 ఒకటి, మొత్తం ఆరు. ఆరు వారాల అద్దె 720. ఆమెకు వచ్చేది వారం అద్దెను 52తో హెచ్చించి 12తో భాగిస్తే వచ్చే 520. కట్టాక మిగిలిన బాకీ 200. ఆగస్టు 8 నాటికి ఇంకో నాలుగు సోమవారాలు పడి 680 అవుతుంది, 520 కడితే 160. సెప్టెంబర్ 8 సోమవారమే, ఆ రోజుతో కలిపి ఐదు వారాలు పడి 760, కట్టాక 240. చూశారా, ఒక్క పైసా ఎగ్గొట్టకుండానే ఆమె అకౌంట్ ఎప్పటికీ సున్నాకు రాదు, పైగా సెప్టెంబర్ 8న డబ్బు పడటానికి కాస్త ముందు తీసిన లిస్టులో ఆరు వారాలకు పైగా బాకీ ఉన్న మనిషిలా కనిపిస్తుంది. ఆ లిస్టు చూసి మీరు నోటీసు పంపారనుకోండి, ఆమెకు టెన్షన్, మీకు ఫిర్యాదు, కౌన్సిల్‌కు దక్కేది శూన్యం.

అందుకని ఏ అకౌంట్ తెరిచినా ముందు మూడు చూడండి: బాకీ అంకె, ఆఖరిసారి డబ్బు పడ్డ తేదీ, తర్వాత పడబోయే తేదీ. మూడోది సిస్టమ్‌లో ఉండదు, మీరే నోట్స్‌లో రాసి పెట్టుకోవాలి. ఆ పైన గత మూడు నెలల్లో డబ్బు పడ్డ మరుసటి రోజు బ్యాలెన్స్ ఎంతో వరసగా రాయండి. పై ఉదాహరణలో అది 200, 160, 240. ఎగుడు దిగుడుగా ఒకే చోట తిరుగుతోంది, కొంప మునగలేదు. అదే 200, 350, 510 అని ఉంటే, అక్కడ ఏదో జరిగింది, ఫోన్ చేయాలి. మొత్తం బాకీ తక్కువే అయినా పెరుగుతున్న అకౌంట్‌కే ముందు ఫోన్, పెద్ద బాకీ ఉన్నా నెలనెలా తగ్గుతున్నవాళ్లకు తర్వాత. కొత్తగా చేరినవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు, లిస్టును బాకీ సైజు ప్రకారం పేర్చుకుని పైనుంచి మొదలుపెడతారు, ఆ పైనున్న పాతిక మందికి అప్పటికే కోర్టు ఆర్డర్లుంటాయి, వారానికి ఇంత అని కడుతూనే ఉంటారు.

ఇంకో క్యాలెండర్ తమాషా. కొన్ని ఆర్థిక సంవత్సరాల్లో 53 సోమవారాలు వస్తాయి, 2024-25 అలాంటిదే. మనం 53 వారాల అద్దె వేస్తాం, యూనివర్సల్ క్రెడిట్ సూత్రం మాత్రం 52 దగ్గరే ఆగుతుంది. 120 పౌండ్ల అద్దెకు ఆ ఒక్క వారం 120 పౌండ్లు టెనెంట్ జేబులోంచే రావాలి. కొన్ని కౌన్సిళ్లు క్రిస్మస్ దగ్గర, మార్చి ఆఖరున రెంట్-ఫ్రీ వారాలు పెట్టి, ఏడాది అద్దెను 48 లేదా 50 వారాల్లో వసూలు చేస్తాయి. ఆ వారాల్లో బాకీ ఉన్నవాళ్లు కట్టడం ఆపేయకూడదు, పాత బాకీ తీర్చుకోవడానికి అంతకన్నా మంచి సమయం లేదని డిసెంబర్ మొదట్లోనే చెప్పేయండి. జనవరిలో చెప్పి లాభం లేదు.

ఏప్రిల్ పెంపు తర్వాత మరో ఉచ్చు ఉంది. 2026-27కి సూత్రం ప్రకారం 4.8 శాతం, అంటే 120 కాస్తా 125.76. యూనివర్సల్ క్రెడిట్ మీద ఉన్నవాళ్లు తమ ఆన్‌లైన్ జర్నల్‌లో వచ్చే పనిని తెరిచి కొత్త అద్దె ధ్రువీకరించాలి. మర్చిపోతే పాత 520 పౌండ్లే వస్తుంటాయి, కావాల్సింది 544.96. నెలకు 24.96 చొప్పున గుట్టుగా పేరుకుపోయి, జులైలో మీకు కనిపించేసరికి వంద దగ్గరికొస్తుంది. ఏప్రిల్ రెండో వారం నుంచే ఎవరు ధ్రువీకరించలేదో లిస్టు తీసి మెసేజ్‌లు పంపడం మొదలుపెట్టండి.

4. ఫోన్ ఎలా చేయాలి

'మీరు అద్దె ఎందుకు కట్టలేదు?' అన్న ప్రశ్నతో మొదలెడితే అవతలివాళ్లు ఫోన్ పెట్టేస్తారు, లేదా ఒక కథ చెప్తారు. 'మీకు డబ్బు ఏ తేదీన పడుతుంది?' అని మొదలెట్టండి. జీతమా, యూనివర్సల్ క్రెడిటా, రెండూనా, వారానికా నెలకా, ఇదంతా ఆ ఒక్క ప్రశ్న వెనకే వచ్చేస్తుంది. మంగళ, బుధవారాల్లో చేయండి, శుక్రవారం సాయంత్రం వద్దు. వీకెండ్ ముందు భయపెడితే ఆ మనిషికి సోమవారం దాకా సలహా ఇచ్చేవాళ్లు ఎవరూ దొరకరు.

ఇంగ్లిష్ అంతగా రానివాళ్లుంటే కౌన్సిల్‌కు ఇంటర్‌ప్రెటర్ లైన్ ఉంటుంది, దాన్ని వాడండి. నాలుగో క్లాసు పిల్లాడిని ఫోన్‌లో పెట్టి 'మీ అమ్మకు ఇంత బాకీ ఉందని చెప్పు నాన్నా' అనకండి, దయచేసి. టెనెంట్ తెలుగువాళ్లే అయి, పేరు చూసి మీరూ తెలుగేనని పట్టేసి 'బాబూ, కాస్త చూసీ చూడనట్టు వదిలెయ్' అన్నారనుకోండి, మాట మర్యాదగానే ఉండాలి, నోట్స్ మాత్రం అందరికీ రాసినట్టే రాయాలి. తెలిసినవాళ్లయితే ఆ కేసు మేనేజర్‌కు చెప్పి వేరేవాళ్లకు ఇప్పించేయండి, అదే శుభం.

అద్దె గురించి మాట్లాడుతూనే చూడాల్సినవి కొన్నున్నాయి. ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు? పనిచేసే వయసువాళ్లకు ఒక పడకగది ఎక్కువుంటే అద్దె సాయంలో 14 శాతం, రెండు లేదా అంతకన్నా ఎక్కువుంటే 25 శాతం కోస్తారు, 2013 నుంచి ఇదే. మన 120 పౌండ్ల ఇంట్లో ఒక గదికి వారానికి 16.80. కొడుకు పెళ్లి చేసుకుని వేరే ఊరు వెళ్లాడు, ఆ గదే ఇప్పుడు బాకీగా మారుతోంది, అమ్మకు ఆ సంగతే తెలియదు, ఇలాంటివి చాలా తగులుతాయి. పెన్షన్ వయసువాళ్లకు ఈ కోత లేదు, వాళ్లు సాధారణంగా పాత హౌసింగ్ బెనిఫిట్ (కౌన్సిలే ఇచ్చే అద్దె సాయం) మీద ఉంటారు, అది నేరుగా అద్దె అకౌంట్‌లోకే వస్తుంది. పెద్దవాళ్ల అకౌంట్ ఉన్నట్టుండి ఎర్రబడితే బెనిఫిట్ ఎక్కడో ఆగిందనే అర్థం, వాళ్లను అడిగే ముందు పక్క డిపార్ట్‌మెంట్‌ను అడగండి. పెద్ద కుటుంబాలైతే బెనిఫిట్ క్యాప్ (ఒక కుటుంబానికి మొత్తం బెనిఫిట్ల మీద ఉండే పరిమితి) కూడా చూడండి.

5. ఒప్పందం రాసుకునేటప్పుడు

నెలకు వంద కడతానని ఒప్పుకున్నవాళ్లను చూసి సంబరపడకండి. రెండు నెలలు కట్టి మూడో నెల మాయమవుతారు, ఆ తర్వాత మీ ఫోన్ కూడా ఎత్తరు. వారానికి 5 పౌండ్లు నిలకడగా వస్తే 240 పౌండ్ల బాకీ 48 వారాల్లో పోతుంది, అది నిజంగా పోతుంది. ఆదాయం, ఖర్చు కాగితం మీద పెట్టి, తిండి, కరెంటు, గ్యాస్ పోను మిగిలేదాంట్లోంచే అంకె పుట్టాలి. డైరెక్ట్ డెబిట్ తేదీ జీతం పడ్డ మరుసటి రోజుకు పెట్టించండి. కొన్నాళ్లకు వాళ్ల అకౌంట్ ఓ నాలుగు వారాలు ముందుకు, క్రెడిట్‌లోకి వెళ్లేలా చూడగలిగితే ఆ క్యాలెండర్ గొడవే ఉండదు.

బాకీ రెండు నెలల అద్దె దాటితే, అద్దె భాగం నేరుగా కౌన్సిల్‌కే పంపమని యూనివర్సల్ క్రెడిట్‌ను ల్యాండ్‌లార్డ్ పోర్టల్ ద్వారా అడగొచ్చు. మనకు హాయిగానే ఉంటుంది. టెనెంట్‌కు మాత్రం ముందే చెప్పండి, లేకపోతే ఆ నెల చేతికొచ్చే డబ్బు ఎందుకు తగ్గిందో తెలియక గిలగిల్లాడిపోతారు.

6. కోర్టు దాకా వెళ్తే

కోర్టు మెట్టెక్కడానికి ముందు సోషల్ ల్యాండ్‌లార్డ్‌ల (కౌన్సిళ్లు, హౌసింగ్ అసోసియేషన్ల) కోసం ప్రీ-యాక్షన్ ప్రొటోకాల్, అంటే కేసు వేసే ముందు పాటించాల్సిన పద్ధతి ఉంది, దాన్ని కనీసం రెండుసార్లు చదవండి. సారాంశంగా జడ్జి అడిగేది ఇదే: మాట్లాడారా, అర్థమయ్యే స్టేట్‌మెంట్ ఇచ్చారా, వాళ్లు కట్టగలిగే ఒప్పందానికి ప్రయత్నించారా, బెనిఫిట్ రావాల్సి ఉంటే ఆగారా. వీటికి రుజువు మీ నోట్స్. 'రెంట్ గురించి మాట్లాడాను' అని రాస్తే కోర్టులో దమ్మిడీకి పనికిరాదు, తేదీ, టైము, ఆమె ఏమంది, మీరేమన్నారు, ఎంతకు ఒప్పుకుంది, అన్నీ ఉండాలి.

సెక్యూర్ టెనెంట్‌కు పంపే నోటీసు ఆఫ్ సీకింగ్ పొసెషన్‌కు (ఇల్లు స్వాధీనం కోసం కోర్టుకు వెళ్తామని చెప్పే నోటీసు) సాధారణంగా నాలుగు వారాల గడువు, అందులో రాసిన తేదీ నుంచి 12 నెలలు చెల్లుతుంది. నోటీసు పంపగానే ఇల్లు ఖాళీ చేయిస్తారని టెనెంట్లు భయపడతారు. అలా కాదని, ఇంకా మాట్లాడుకోవచ్చని వాళ్లకు చెప్పాల్సింది మీరే. అద్దె బాకీ అన్నది ఇక్కడ జడ్జి విచక్షణ మీద ఆధారపడిన కారణం. చాలా కేసుల్లో జరిగేది సస్పెండెడ్ ఆర్డర్, అంటే మామూలు అద్దె ప్లస్ వారానికి ఇంత కడుతున్నంతకాలం ఇంట్లోనే ఉండొచ్చు. ఈ లోపు ఎవరైనా బ్రీతింగ్ స్పేస్‌లోకి వెళ్తే (అప్పుల్లో ఉన్నవాళ్లకు కొంత ఊపిరి తీసుకునే గడువిచ్చే పథకం, 2021 మే నుంచి ఉంది, మామూలుగా 60 రోజులు) ఆ పాత బాకీ మీద మీరు ఏ చర్యా తీసుకోకూడదు, సిస్టమ్ తనంతట తాను పంపే ఉత్తరాలతో సహా ఆపేయాలి. కొత్తగా పడే అద్దె మాత్రం వాళ్లు కట్టాల్సిందే.

హియరింగ్‌కు వెళ్లే ముందు మరమ్మతుల హిస్టరీ ప్రింట్ తీసి చదవండి. మన ఇన్‌కమ్ టీమ్‌లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. గోడ నిండా బూజు పట్టిందని ఏడాదిగా చెప్తున్న మనిషి మీద అద్దె కేసు వేస్తే, వాళ్ల లాయర్ ఎదురు దావా వేసి మన బాకీని అందులోనే చెల్లేయిస్తాడు. 2025 అక్టోబర్ 27 నుంచి ఆవాబ్స్ లా (అద్దె ఇంట్లోని ప్రమాదాలను గడువులోగా సరిచేయాలనే చట్టం) మొదటి దశ అమల్లోకి వచ్చింది, ప్రమాదకరమైన అత్యవసర సమస్యైతే 24 గంటల్లో చూసి ముప్పు లేకుండా చేయాలి, తీవ్రమైన తేమ, బూజు అయితే పది పనిదినాల్లో వచ్చి పరిశీలించాలి. అద్దె వాళ్లకూ రిపేర్ల వాళ్లకూ మాటలుండని ఆఫీసుల్లో ఈ చట్టం బాగా నొప్పి పెడుతుంది.

7. ఖాళీ ఇళ్లు, వెళ్లిపోయినవాళ్లు, లీజుదారులు

ఇల్లు ఎనిమిది వారాలు ఖాళీగా ఉంటే 960 పౌండ్లు పోయినట్టు. దీన్ని ఏ ఫోన్ కాలూ తిరిగి తేలేదు. తాళాలు ఏ రోజు అందాయి, పని ఏ రోజు మొదలైంది, కొత్తవాళ్లు ఏ రోజు చేరారు, ఈ మూడు తేదీల మధ్య ఎక్కడ నిద్రపోతున్నామో చూస్తే చాలు.

వెళ్లిపోయినవాళ్ల బాకీ మొదటి నెల రోజుల్లో వస్తే వచ్చినట్టు. తాళాలు తీసుకునేటప్పుడే కొత్త అడ్రసు, ఫోన్ నంబరు రాయించుకోండి. అద్దె బాకీ మీద దావాకు గడువు ఆరేళ్లు. ఆ లోపు ఏదీ కదలకపోతే రైట్-ఆఫ్‌కు (రాని బాకీగా కొట్టేయడానికి) పెట్టేయండి, లెక్కల్లో ఊరికే ఉంచుకుని ఆస్తి అనుకోవడం మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. టెనెంట్ చనిపోతే బాకీ వాళ్ల ఎస్టేట్ (వాళ్లు వదిలివెళ్లిన ఆస్తి) నుంచి రావాలి, కూతురో కొడుకో సొంత డబ్బు కట్టాల్సిన పని లేదు. ఉత్తరం 'శ్రీమతి ఫలానా గారికి' అని చనిపోయినావిడ పేరు మీదే పోకుండా సిస్టమ్‌లో ముందు పేరు మార్చండి.

రైట్ టు బై (కౌన్సిల్ టెనెంట్లు తాముంటున్న ఇల్లు కొనుక్కునే హక్కు) కింద ఫ్లాట్ కొనుక్కున్నవాళ్లు లీజుదారులు, వాళ్లు అద్దె కట్టరు, సర్వీస్ చార్జీ కడతారు. పైకప్పు పని లాంటిదేదైనా ఒక్కో లీజుదారుకు 250 పౌండ్లు దాటేలా ఉంటే ముందు సెక్షన్ 20 సంప్రదింపులు (పని, ఖర్చు గురించి లీజుదారులకు నోటీసిచ్చి అభిప్రాయం అడగడం) జరగాలి, లేదంటే ఆ 250కి మించి వసూలు చేయలేం. ఖర్చు పెట్టిన 18 నెలల్లోపు బిల్లు పంపాలి, కనీసం ఖర్చైందని రాతపూర్వకంగా చెప్పైనా ఉండాలి. కాంట్రాక్టర్ ఫైనల్ అకౌంట్ కోసం కూర్చుంటే ఈ 18 నెలలు ఇట్టే గడిచిపోతాయి, కాబట్టి ఖర్చు తేదీలకు మీ క్యాలెండర్‌లో పన్నెండో నెలకే అలారం పెట్టుకోండి.

8. నెలాఖరు

రిపోర్టులో ఒకే ఒక బాకీ అంకె పంపకండి. నెల చివరి ఆదివారం రాత్రి తీసిన అంకెకూ సోమవారం చార్జీ పడ్డాక తీసిన అంకెకూ ఒక వారం అద్దె మొత్తం తేడా ఉంటుంది, పదివేల ఇళ్ల కౌన్సిల్‌లో అది 12 లక్షల పౌండ్లు. ఎప్పుడూ ఒకే వారంలో ఒకే రోజు తీయండి, పోలిక కిందటి నెలతో కాకుండా కిందటేడు ఇదే వారంతో చేయండి, పక్కన ఆ తేదీ రాయండి. వసూలు శాతంతో పాటు, ఎన్ని అకౌంట్లు పెరుగుతున్నాయి, ఎన్ని తగ్గుతున్నాయి అన్నది కూడా పెట్టండి, కౌన్సిలర్లకు అది ఇట్టే అర్థమవుతుంది.

ఆఖరుగా సస్పెన్స్ అకౌంట్. ఎవరి పేరు మీద వేయాలో తెలియని డబ్బు అందులో పడుంటుంది: రిఫరెన్స్‌లో ఒక అంకె తప్పుగా కొట్టినవాళ్లు, పాత ఇంటి నంబరుతోనే కడుతున్నవాళ్లు, భార్య పేరున ఉన్న ఇంటికి భర్త బ్యాంకు నుంచి పంపినవాళ్లు. నోటీసుల లిస్టు సంతకానికి పంపే ముందు ప్రతిసారీ ఇది తెరిచి, అందులోని మొత్తాలను లిస్టులోని అద్దెలతో పోల్చి చూడండి. 125.76 అని వరసగా నాలుగు వారాలు పడి ఉంటే, అదే అద్దె ఉండి నాలుగు వారాలుగా డబ్బు పడని అకౌంట్ మీ లిస్టులోనే ఎక్కడో ఉండొచ్చు. ఫోన్ చేసి రిఫరెన్స్ నంబరు చదివి వినిపించమనండి.